తులసీదాస్ బలరాం

హైదరాబాదు నగరము నుండి చేవెళ్లకు పోవు బాట మర్రిమ్రాకులకు పేరొందినది. ఆ బాటపై, గండిపేట చెరువునకును హిమాయత్‌సాగరమునకును నడుమ, అజీజ్‌నగరమను గ్రామము కలదు. అది మొయినాబాదు మండలములోనిది. పొలములకును తోటలకును నెలవైన ఆ ప్రాంతమున ఇటీవలి కాలములో డెక్కన్ ఎరీనా అను ఫుట్‌బాల్ మైదానము వెలసినది. శ్రీనిధి డెక్కన్ అను జట్టు దానిని తన స్వస్థలముగా చేసికొని, ఐ-లీగు అను జాతీయ పోటీలలో 2022-23, 2023-24 సంవత్సరములందు వరుసగా రెండవ స్థానమును సంపాదించెను.

ఇట్టి జట్లలో మనవారితోపాటు విదేశీయులు కూడ వేతనము గైకొని ఆడుచుందురు. ఆటయే వారి వృత్తి. 2022 మార్చి 20వ తేదీన హైదరాబాదు ఎఫ్.సి. జట్టు ఇండియన్ సూపర్ లీగు విజేతగా నిలిచినపుడు, దానికి శిక్షణ నొసగిన మనోలో మార్క్వెజ్ స్పెయిన్ దేశస్థుడు. మరుసటి ఏట ఆ జట్టు మధ్యరంగమున ఆడిన బోర్హా హెరేరా కూడ స్పెయిన్ దేశస్థుడే. షావి, ఇనియెస్తా వంటి స్పెయిన్ ఆటగాండ్ర పేర్లు నేడు మన పల్లెల బాలుర నోళ్లలో సైతము నానుచున్నవి.

బాలబాలికలారా! దూరదేశముల వీరులను మెచ్చుకొనుట మంచిదే. కాని మన ఇంటి ముంగిట పుట్టి పెరిగి, ప్రపంచ ప్రసిద్ధములైన మైదానములందు తన పాదకౌశలమును చూపిన వానిని మరచుట తగదు. సికిందరాబాదు చెంతనున్న అమ్ముగూడలో ఒక పేద కుటుంబమున జన్మించి, రెండు ఒలింపిక్ క్రీడలకు వెళ్లి, ఆసియా క్రీడలలో బంగారు పతకమును గెలిచి, ఇరువదియేడవ ఏటనే ఆటకు దూరమైన ఒక క్రీడాకారుని జీవితమును ఈ పాఠమునందు తెలిసికొందము. అతని పేరు తులసీదాస్ బలరాం.

అతని కథకు ముందు ఆటను గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఫుట్‌బాల్ జట్టున పదునొకండుగురు ఉందురు. వారిలో ఒకడు గోలును కాచువాడు. తక్కిన పదుగురు నిలుచు తీరు కాలమును బట్టి మారుచు వచ్చినది. పూర్వము ఇద్దరు బ్యాకులు వెనుక నిలువగా, వారి ముందు ముగ్గురు హాఫులును, అందరికంటె ముందు ఐదుగురు ఫార్వర్డులును నిలుచుచుండిరి. ఆ ఐదుగురిలో ఇరుప్రక్కల కొసలందుండు వారిని అవుట్‌సైడ్ ఆటగాండ్రనియు, కొసవానికిని మధ్యవానికిని నడుమ నుండు వారిని ఇన్‌సైడ్ ఆటగాండ్రనియు పిలిచెడివారు. ఈ ఇన్‌సైడ్ ఆటగాండ్రకు పని మిక్కుటము. వారు వెనుకకు వచ్చి హాఫుల నుండి బంతిని గైకొనవలెను. ముందున్న వారికి దానిని అందింపవలెను. సమయము వచ్చినపుడు తామే గోలు చేయవలెను. నేడు మధ్యరంగ క్రీడాకారుడు, అనగా మిడ్‌ఫీల్డరు, చేయు పనిలో పెద్ద భాగము ఆనాడు హాఫులును ఇన్‌సైడ్ ఆటగాండ్రును చేసెడి పనియే.

మన పల్లెలలో బావి త్రవ్వుట మీరు చూచియుందురు. అడుగున నున్నవాడు మట్టిని తట్టకెత్తును. మెట్లపై నిలిచినవారు ఆ తట్టను చేతులు మార్చుకొనుచు గట్టునకు చేర్చెదరు. గట్టుపై మట్టిని కుప్పవోయువాడు మాత్రమే దూరమునకు కనబడును. కాని నడుమ మెట్టుపై నిలిచినవాడు ఒక్క క్షణము చేయి చాపకున్నచో పనియంతయు నిలిచిపోవును. ఫుట్‌బాల్ ఆటలో నడుమ నుండు వాని స్థానము అట్టిది. గోలు చేసినవానికి చప్పట్లు దక్కును. ఆ గోలునకు త్రోవ తీసినవానిని ఆట తెలిసినవారు మాత్రమే గుర్తింతురు. బలరాం ఇన్‌సైడ్ లెఫ్ట్ స్థానమున పేరొందినవాడు. అవసరమైనపుడు ఎడమ కొసనను, నట్టనడుమను కూడ ఆడెడివాడు. గోలు చేయుటయందు ఎంత నేర్పరియో, ఇతరులచే గోలు చేయించుటయందు అంత నేర్పరి.

బలరాం 1936వ సంవత్సరమున జన్మించెను. తల్లిదండ్రులు తమిళులు. ఇంట కలిమి లేదు. అమ్ముగూడ పరిసరములు సైనిక శిబిరములకు నెలవులు. సికిందరాబాదు ఆంగ్లేయుల కాలమునుండియు సేనలకు పెద్ద స్థావరము. సిపాయిలు సాయంకాలమందు ఫుట్‌బాల్ ఆడుచుండ, ఆ చుట్టుపట్ల బాలురు గట్టున నిలిచి చూచి, పిదప తామును ఆడ నేర్చిరి. ఆ ఆట జంటనగరములందు వేళ్లూనుటకు సేనలు ముఖ్యకారణము. బలరాం కూడ అట్టి వాతావరణమున బంతిని పట్టుకొన్నవాడే. మొదట ఒక సైనిక జట్టునను, పిదప హైదరాబాదులోని రైడర్స్ క్లబ్బునను అతడు ఆడెను.

ఆ కాలమున హైదరాబాదు ఫుట్‌బాల్‌కు ఒక మహాగురువు ఉండెను. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీము. 1909లో హైదరాబాదున జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టభద్రుడై, పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. 1943 నుండి జీవితాంతము హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగా నుండెను. 1950 మొదలుకొని హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. ఆయన శిక్షణలో ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు బొంబాయిలో జరుగు రోవర్స్ కప్పును గెలిచి దేశమును ఆశ్చర్యపరచెను.

రహీము బోధన యెట్టిదో తెలిసికొనుట అవసరము. బంతి కాలికి అందగానే ఎదుటివారిని ఒక్కొక్కరినే తప్పించుకొనుచు తానొక్కడే ముందుకు పోవలెనను కోరిక ప్రతి బాలునకును ఉండును. దీనిని డ్రిబ్లింగ్ అందురు. ఆ కోరికను అదుపులో పెట్టుటకై రహీము డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలను ఏర్పరచెను. ఆ పోటీలలో బంతిని అందుకొన్నవాడు తడయక దానిని తోడివానికి పంపవలెను. అట్లు పంపవలెనన్నచో, బంతి తనను చేరకముందే ఎవ్వడు ఎచ్చట నున్నాడో కన్నులతో కనిపెట్టియుండవలెను. బంతి లేనివారు కూడ ఊరక నిలువక, ఖాళీ చోటునకు పరుగిడుచుండవలెను. కుడికాలి వాటము గలవారు ఎడమకాలితోను, ఎడమకాలి వాటము గలవారు కుడికాలితోను మాత్రమే ఆడవలసిన పోటీలను కూడ ఆయన నడిపెను. బాలురలోని లోపమును తిట్టి దిద్దక, ఆటయందే దిద్దుట ఆయన మార్గము. ఉపాధ్యాయుడగుటచేత ఆయనకు ఈ నేర్పు అలవడియుండును.

ఇట్టి గురువు కంట బలరాం పడెను. అతని ఆటను చూచి రహీము తనయొద్దకు అభ్యాసమునకు రమ్మని పిలిచెను. కాని అమ్ముగూడ యెక్కడ, నగరము నడిబొడ్డున నున్న ఫతేమైదానము ఎక్కడ! ప్రతిదినము అంత దూరము వచ్చిపోవుటకు బలరాం చేతిలో పైకము లేదు. రహీము అతనికి సైకిలు బాడుగకు పైకమిచ్చి రప్పించెనని చెప్పుదురు. ఒక గురువు ఇచ్చిన సైకిలు బాడుగ ఒక బాలుని అమ్ముగూడ నుండి మెల్బోర్నుకును, అచ్చటి నుండి రోమునకును చేర్చెననుట అతిశయోక్తి కాదు. ప్రతిభ ఎంతయున్నను, దానిని గుర్తించి దారిఖర్చు చూపువాడు లేనిచో అది గుడిసెలోనే అణగిపోవును.

బలరాం అనతికాలముననే హైదరాబాదు రాష్ట్ర జట్టులో చేరెను. 1956-57లో సంతోష్ ట్రోఫీని గెలిచిన హైదరాబాదు జట్టులో అతడు ఉండెను. 1956వ సంవత్సరమున మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలకు రహీము భారత జట్టును తీసికొనిపోయెను. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ మొదలగు హైదరాబాదువారు పెక్కుమంది ఆ జట్టున నుండిరి. ఇరువదేండ్ల బలరాం కూడ వారితో ఓడనెక్కక విమానమెక్కక మునుపెన్నడు కలగననంత దూరము వెళ్లెను.

నాలుగేండ్లకు ముందు, 1952లో, హెల్సింకీ ఒలింపిక్ క్రీడలందు మనవారు యుగోస్లావియా చేతిలో 1-10 గోలులతో ఓడియుండిరి. ఆనాడు మన ఆటగాండ్రలో అనేకులు వట్టికాళ్లతో ఆడిరి. ఆ పరాభవము పిదప మన ఆటగాండ్రు బూట్లు తొడుగుకొని ఆడుట నియమమయ్యెను. మెల్బోర్నులో మన జట్టు ఆస్ట్రేలియాను వారి గడ్డపైననే 4-2 గోలులతో ఓడించెను. ఆ ఆటలో నెవిల్ డిసౌజా మూడు గోలులు చేసెను. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. అచ్చట యుగోస్లావియాపై మొదటి గోలు మనవారే చేసినను, తుదకు 1-4తో ఓడిరి. మూడవ స్థానమునకై జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో 0-3తో ఓడి, నాలుగవ స్థానమున నిలిచిరి. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశము అంతకంటె పైమెట్టును నేటివరకు ఎక్కలేదు.

1957లో బలరాం కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్ క్లబ్బున ప్రవేశించెను. ఆనాడు కలకత్తా మన దేశ ఫుట్‌బాల్‌కు రాజధాని. హైదరాబాదు నుండియు, ఇతర ప్రాంతముల నుండియు మేటి ఆటగాండ్రు అచ్చటికే పోవుచుండిరి. తెలియని భాష, అలవాటులేని అన్నపానములు, గెలిచినపుడు భుజములపై నెత్తుకొని ఓడినపుడు దుయ్యబట్టు జనసమూహము - వీని నడుమ ఆ యువకుడు తన స్థానమును నిలుపుకొనెను. 1958లో ఈస్ట్ బెంగాల్ ఐ.ఎఫ్.ఏ. షీల్డును గెలిచెను. 1961లో అతని నాయకత్వమున ఆ క్లబ్బు కలకత్తా లీగును, ఐ.ఎఫ్.ఏ. షీల్డును కూడ గెలిచెను. ఆ క్లబ్బు పక్షమున అతడు నూరుకు పైగా గోలులు చేసెను.

ఆ కాలముననే భారత జట్టున ముగ్గురు మిత్రుల పేర్లు ఒకే ఊపిరిలో వినబడుచుండెను. కుడివైపున ప్రదీప్ కుమార్ బెనర్జీ, లోపలి స్థానమున చునీ గోస్వామి, ఎడమవైపున బలరాం. ముగ్గురును సమవయస్కులే. ఒకరి మనస్సు ఒకరు ఎరిగి ఆడెడివారు. ఒకడు పరుగెత్తు దిక్కు రెండవవానికి ముందే తెలియును. ఒంటిచేయి తట్టిన చప్పుడు కాదను సామెత ఆటకును వర్తించును.

1960లో రోము ఒలింపిక్ క్రీడలు జరిగెను. మనకు దక్కిన వర్గము కఠినమైనది. హంగెరీ, ఫ్రాన్సు, పెరూ మన ప్రత్యర్థులు. హంగెరీ ఆనాడు ప్రపంచమందలి గొప్ప జట్లలో నొకటి. ఆ జట్టుతో జరిగిన మొదటి ఆటలో మనవారు 1-2తో మాత్రమే ఓడిరి. మన ఒక్క గోలును చేసినవాడు బలరాం. ఫ్రాన్సుతో జరిగిన ఆట 1-1గా ముగిసెను. ఆ గోలు నాయకుడగు బెనర్జీది. పెరూతో 1-3తో ఓడినపుడు మన పక్షమున గోలు చేసినవాడు మరల బలరామే. మూడాటలలో మన జట్టు చేసిన మూడు గోలులలో రెండు అమ్ముగూడ బాలునివి! ఆ రోము క్రీడల పిదప మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్ క్రీడలలో ఆడుట తటస్థింపలేదు.

ఇక జకార్తా కథ. 1962లో అచ్చట ఆసియా క్రీడలు జరిగెను. ఆ క్రీడలలో ఇజ్రాయెలు, తైవాను దేశములవారికి ప్రవేశము లభింపలేదు. అది తగదని భారతదేశపు క్రీడాధికారి గురుదత్ సోంధీ అభ్యంతరము తెలిపెను. దానివలన జకార్తా ప్రజలకు మనవారిపై ఆగ్రహము కలిగెను. మన ఆటగాండ్రు మైదానమున అడుగిడినంతనే ప్రేక్షకులు ఎగతాళి కేకలు వేయుచుండిరి. గురువగు రహీము ఆరోగ్యము అప్పటికే చెడియుండెను. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. అట్టి దశలో ఎవ్వరికైనను గుండె దిగజారును.

మనవారు దిగజారలేదు. థాయిలాండును 4-1తోను, జపానును 2-0తోను ఓడించిరి. ఆ రెండాటలందును బలరాం గోలు చేసెను. సెమీఫైనలులో దక్షిణ వియత్నామును 3-2తో గెలిచిరి. వెనుక నిలిచి గోలును కాపాడు జర్నెయిల్ సింగు తలకు గాయమయ్యెను. రహీము అతనిని ముందు వరుసలో నిలిపెను. సెప్టెంబరు 4వ తేదీన లక్షమంది ప్రేక్షకుల యెదుట, ఆ కేకల నడుమ, తుది ఆట జరిగెను. ఎదుట నిలిచినది మొదట మనలను ఓడించిన దక్షిణ కొరియాయే. బెనర్జీ ఒకటియు, జర్నెయిల్ సింగు ఒకటియు గోలులు చేసిరి. 2-1తో మనవారు గెలిచి బంగారు పతకమును పొందిరి. ఆ తుది ఆటలో బలరాం గోలు చేయలేదు. కాని ఆ పతకము పదునొకండుగురిది. రహీము నేర్పిన పాఠము అదియే కదా!

ఆ పతకము వచ్చిన తొమ్మిది నెలలకు, 1963 జూను 11వ తేదీన, రహీము క్యాన్సరు వ్యాధితో కన్నుమూసెను. ఆ సంవత్సరమే శిష్యునకును గ్రహచారము చుట్టుకొనెను. 1962లో అర్జున పురస్కారమును పొంది, 1963లో బి.ఎన్.ఆర్. అను రైల్వే జట్టున చేరిన బలరాంను ఊపిరితిత్తుల పొరకు వచ్చు ప్లూరిసీ వ్యాధి పట్టుకొనెను. ఊపిరి పీల్చిన నొప్పి, పరుగిడిన ఆయాసము. ఆట మానవలసినదని వైద్యులు తెలిపిరి. అప్పటికి అతని వయస్సు ఇరువదియేడు. క్రీడాకారుని బలమును అనుభవమును ఒకచోట కలియు వయస్సు అది. చేతికందిన పంట కల్లమునకు చేరకమునుపే వాన పాలైనట్లయ్యెను.

ఇచ్చట మనము మరల స్పెయిన్ వైపు చూడవలెను. షావి హెర్నాండెజ్ అను మధ్యరంగ క్రీడాకారుడు 1980లో బార్సిలోనా నగరమునకు చేరువనున్న తెరాసా పట్టణమున జన్మించెను. పదునొకండవ ఏట బార్సిలోనా క్లబ్బువారి బాలుర శిక్షణలో చేరెను. 1998లో ఆ క్లబ్బు పెద్దల జట్టులో ప్రవేశించి, 2015 వరకు 767 ఆటలు ఆడెను. స్పెయిన్ దేశము పక్షమున 133 ఆటలు ఆడెను. అతడు పొడగరి కాడు. ఎత్తు 170 సెంటీమీటర్లు మాత్రమే. పరుగున మేటి కాడు. అతని బలమంతయు చూపులోను పాస్‌లోను కలదు. బంతి తన్ను చేరకముందే తల త్రిప్పి అన్ని దిక్కులును పరికించుట, అందినంతనే తోడివానికి పంపుట, మరల ఖాళీ చోటునకు కదలుట - ఇదియే అతని ఆట. 2008 ఐరోపా పోటీల తుది ఆటలో జర్మనీపై తోర్రెస్ చేసిన ఒకే ఒక గోలునకు బంతినందించినవాడు షావి. స్పెయిన్ 2008లో ఐరోపా విజేతయై, 2010లో ప్రపంచ కప్పును, 2012లో మరల ఐరోపా కప్పును గెలిచినది. 2010లో ఏడాటలకు చేసినవి ఎనిమిది గోలులే. అయినను బంతిని తమయొద్ద నిలుపుకొని, పంచుకొని ఆడుటచేత ప్రపంచమును గెలిచిరి.

విద్యార్థులారా! ఈ ఆటతీరును చదువగా రహీము నడిపిన డ్రిబ్లింగ్ లేని పోటీలు మీకు జ్ఞప్తికి రాలేదా? స్పెయిన్ వారు హైదరాబాదు నుండి నేర్చిరని చెప్పుటకు కాదు. ఆట గుట్టు ఎచ్చట వెదకినను ఒక్కటియే యని చెప్పుటకు. బంతిని పంచుకొన్న జట్టే గెలుచును. ఆ సత్యమును మన ఊరి ఉపాధ్యాయుడొకడు షావి పుట్టుటకు మూడు దశాబ్దముల ముందే ఫతేమైదానమున బోధించుచుండెను.

కాని ఇరువురి జీవితములందు ఒక భేదము కలదు. 2005 డిసెంబరులో షావి మోకాలి బంధనము తెగెను. ఇంచుమించు ఐదు నెలలు ఆటకు దూరమై, చికిత్స పొంది, తిరిగి వచ్చెను. 2019 వరకు, అనగా ముప్పదితొమ్మిదవ ఏటి వరకు ఆడెను. ఆట అతనికి వృత్తి. క్లబ్బుతో ఒప్పందము, వేతనము, వైద్యులు - అన్నియు అతని వెన్నంటియుండెను. బలరాం కాలమున మన దేశమున ఫుట్‌బాల్ ఆడువారిని వృత్తి క్రీడాకారులుగా లెక్కించలేదు. పోలీసు శాఖలోనో, రైల్వేలోనో ఉద్యోగము చేయుచు ఆడవలసినదే. అట్టి కాలమున ఒక వ్యాధి ఒక క్రీడాకారుని ఆటను అర్ధాంతరముగ ముగింపగలిగెను. కావున నేటి క్రీడాకారుడు వేతనము గైకొని ఆడుటను చూచి, ఆటను అమ్ముకొనుచున్నాడని నిందింపరాదు. కాలు విరిగిననాడు, ఊపిరి కుంటుపడిననాడు ఆదుకొను ఏర్పాటు కూడ ఆ వృత్తిలో భాగమే.

ఆట మానిన పిదప బలరాం బెంగాలులోనే స్థిరపడెను. హుగ్లీ నదీతీరమునగల ఉత్తరపారా పట్టణమున నివసించుచు, రైల్వే ఉద్యోగము చేసికొనుచు, కుర్రవాండ్రకు ఆట నేర్పెను. వివాహము చేసికొనలేదు. తోడి మిత్రులగు చునీ గోస్వామికి 1983లోను, బెనర్జీకి 1990లోను పద్మశ్రీ బిరుదము లభించెను. బలరాంకు ఆ గౌరవము దక్కలేదు. ఆ ఇరువురు మిత్రులును 2020లో కొలది వారముల తేడాతో దివంగతులైరి. ముగ్గురిలో మిగిలిన బలరాం 2023 ఫిబ్రవరి 16వ తేదీన కలకత్తాలో, ఎనుబదియారవ ఏట, తుదిశ్వాస విడిచెను.

జట్టుకై బంతిని పంచినవానికి లోకము కీర్తిని సమముగ పంచలేదనుట నిజము. దానికి మనము చేయగల ప్రత్యుపకారమేమి? మొదటిది, అతనిని మరువకుండుట. సికిందరాబాదు ప్రక్క పల్లె నుండి రోమునకు పోయి హంగెరీపై గోలు చేసినవాడొకడు కలడని మీ తమ్ములకును చెల్లెండ్రకును చెప్పుడు. రెండవది, అతడు ఆడినట్లు ఆడుట. బంతి మీ కాలికందినపుడు, గోలు మీకంటె దగ్గరగా నున్న తోడివాడెవడో ఒక్కసారి తలయెత్తి చూడుడు. మూడవది పెద్దలకు చెందినది. మైదానమునకు వచ్చుటకు దారిఖర్చు లేని బాలుడు ప్రతి ఊరిలోను ఒకడుండును. వానిని గుర్తించి ఒక సైకిలు బాడుగ ఇచ్చిన చాలును. తక్కిన దూరమును వాడే పోగలడు.

ప్రశ్నలు

1. పూర్వపు ఫుట్‌బాల్ జట్టున ఇన్‌సైడ్ ఆటగాండ్రు చేయు పనులెవ్వి? వారిని బావి త్రవ్వువారితో ఎట్లు పోల్చిరి?
2. రహీము డ్రిబ్లింగ్ లేని పోటీలను ఎందులకు ఏర్పరచెను? వానివలన బాలురకు అలవడు గుణములెవ్వి?
3. 1960 రోము ఒలింపిక్ క్రీడలలో బలరాం చూపిన ప్రతిభను వివరింపుడు.
4. 1962లో జకార్తాలో మన జట్టు ఎదుర్కొన్న కష్టములెవ్వి? వానిని ఎట్లు దాటినది?
5. షావి, బలరాం - వీరి ఆటలో గల పోలికను, జీవితములో గల భేదమును వ్రాయుడు.
6. మీ పాఠశాలలో ఆటయందు ప్రతిభ గలిగియు అవకాశము లేని వారికి మీరు ఏ విధముగ తోడ్పడగలరో పది వాక్యములలో వ్రాయుడు.